వేలిముద్ర పడకపోతే ఎవరిని అడగాలి?

పోయిన నెల ఈ పేజీలో నేనే ఒక ప్రశ్న అడిగాను. ఫోను, ఆధార్, ఓటీపీ లేకుండా ఏ పనీ జరగని ఈ రోజుల్లో, అవి అర్థం కాని వాళ్ళ సంగతి ఎవరు చూడాలి? వాళ్ళే చూసుకోవాలా, ఇంట్లో పిల్లలు చూడాలా, ప్రభుత్వం చూడాలా? ఉత్తరాలు వచ్చాయి, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి, రాయడం రాదని ఇద్దరు గొంతు రికార్డు చేసి పంపారు. వాటిలో ఆరు తీసుకున్నాను. పేర్లు వద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, బెంగళూరులో ఏ ఏరియానో మాత్రం ఉంచాను.

అక్కా, మాది అనంతపురం జిల్లా. నేనూ మా ఆయనా బిల్డింగ్ పనికి ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. ఊళ్ళో బియ్యం కార్డుంది, అత్తమ్మ ఒక్కతే ఉంటుంది అక్కడ. ఆ కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం ఇస్తారంటే పోయినాను. నా వేలు మిషన్‌లో పడదు. మూడు నెలలు తిప్పినారు. సిమెంటు కలిపే చేతులు అక్కా, గీతలు ఎక్కడుంటాయి. ఊరికి పోయి ఆధార్ మార్పించుకొని రమ్మంటారు. పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. ఏం చేయమంటావు?
— కె.ఆర్.పురం (వాయిస్ మెసేజ్)

చెల్లీ, ముందు ఒక మాట చెప్తాను, గట్టిగా పట్టుకో. వేలిముద్ర పడకపోవడం నీ తప్పు కాదు. మూడు నెలలు తిరిగావంటే నిన్నెవరో తప్పు చేసినదానిలా నిలబెట్టారు, అది నాకు చాలా బాధగా ఉంది.

ఊరికి పోయి మార్పించుకోవాలన్నది నిజం కాదు. ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఇవ్వడానికి దేశంలో ఏ ఆధార్ సెంటర్‌కైనా పోవచ్చు, బెంగళూరులోనే అవుతుంది. చిన్న ఫీజు ఉంటుంది. అక్కడ పది వేళ్ళూ, రెండు కళ్ళూ మళ్ళీ తీయమని అడుగు. ఏ వేలు బాగా పడుతోందో చూసి చెప్పమను. చాలామంది బొటనవేలే పెట్టాలనుకుంటారు, ఉంగరపు వేలు పడినా చాలు. రేషన్ షాపుకు పోయే రోజు సిమెంటు పని మొదలుపెట్టకముందే పో, చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకో. అయినా పడకపోతే కంటిపాప చూసే మిషన్ ఉందా, ఫోనుకు ఓటీపీ వచ్చే పద్ధతి ఉందా అని అడుగు. అన్ని షాపుల్లో అన్నీ ఉండవు, కానీ అడగనిదే ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఇంకో రెండు విషయాలు నీకెవరూ చెప్పి ఉండరు. ఒక కార్డుతో దేశంలో ఎక్కడైనా రేషన్ అనే పథకం 2019లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2022కి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. కానీ అది జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకే వర్తిస్తుంది. ఆంధ్రలో కొన్ని బియ్యం కార్డులు ఆ చట్టం కింద ఉన్నాయి, కొన్ని రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చినవి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. నీది ఏదో ఊళ్ళో సచివాలయంలో ఎవరినైనా అడిగించు. ముందు ఇది తేలితే నీకు ఊరికే తిరిగే పని తప్పుతుంది. రెండోది, ఇక్కడ నీకొచ్చేది కేంద్రం ఇచ్చే బియ్యమే, మామూలు కార్డుకైతే తలకు 5 కిలోలు. కర్ణాటక తన కార్డుదారులకు అదనంగా ఇచ్చేది రాదు. అత్తమ్మ వాటా అత్తమ్మ అక్కడే తీసుకోవచ్చు, మీ ఇద్దరి వాటా మీరు ఇక్కడ తీసుకోవచ్చు. కార్డు చీల్చక్కర్లేదు.

ఇక చట్టం. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పులో, వేలిముద్ర సరిపోలలేదన్న ఒక్క కారణంతో అర్హత ఉన్న మనిషిని పథకానికి దూరం చేయకూడదన్న మాట ఉంది. ఆ కేసు మొదట వేసినది ఈ ఊరి పెద్దాయనే, కర్ణాటక హైకోర్టు జడ్జిగా రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు, 2012లో, ఎనభై దాటిన వయసులో. కాబట్టి ఈసారి కాదంటే "ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసివ్వండి" అని అడుగు. రాసివ్వమంటే చాలామంది స్వరం మారుతుంది. మారకపోతే 1967కి ఫోన్ చెయ్యి, అది రేషన్ ఫిర్యాదుల నంబరు. కన్నడ రాకపోతే మీ మేస్త్రీ చేత మాట్లాడించు.

ఈ ఊళ్ళో ఇన్ని అపార్ట్‌మెంట్లు కట్టిన చేతులను ఆ మిషన్ గుర్తుపట్టలేకపోతోంది. చేతులు అరిగిపోయే పని చేసేవాళ్ళకే రేషన్ ఎక్కువ అవసరమని మిషన్ పెట్టకముందే తెలుసు కదా. తెలిసినప్పుడు రెండో దారి మొదటి రోజు నుంచే ఉండాలి, చెల్లి వచ్చి అడిగాక వెతకడం కాదు.

మేడం, ప్రతిదానికీ ప్రభుత్వమా? డేటా చవక, ఫోను ఏడెనిమిది వేలకే వస్తుంది, యూట్యూబ్‌లో తెలుగులో అన్నీ ఉన్నాయి. నేను కదిరి దగ్గర తెలుగు మీడియం స్కూల్లో చదివాను, ఇంటర్‌లో మొదటిసారి కంప్యూటర్ చూశాను, ఇవాళ ఒక టీమ్‌ను నడుపుతున్నాను. నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే ఎవరైనా నేర్చుకుంటారు. ప్రభుత్వం చేతికిస్తే ట్యాబ్‌లు కొని వాటి మీద ఫొటోలు వేసుకోవడమే కదా జరిగేది?
— ఎలక్ట్రానిక్ సిటీ

తమ్ముడూ, నీ కష్టాన్ని తక్కువ చేయను. తెలుగు మీడియంలో చదివి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు, అది నాకు బాగా తెలుసు. కానీ నువ్వు వచ్చిన దారి ఎవరు వేశారో ఒకసారి వెనక్కి చూడు.

నువ్వు కూర్చున్న ఎలక్ట్రానిక్ సిటీని మొదలుపెట్టింది కియోనిక్స్, అంటే కర్ణాటక ప్రభుత్వ కంపెనీ, 1970ల చివర్లో, అప్పట్లో ఆ చుట్టుపక్కల పొలాలే. 1990ల మొదట్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అమెరికాకు తన ప్రోగ్రాం పంపాలంటే సొంతంగా ఉపగ్రహ లింకు పెట్టుకునే స్తోమత ఉండేది కాదు. 1991లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎస్‌టీపీఐ, అంటే సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ, ఆ లింకును అందరికీ పంచింది. అంటే ఖరీదైన టెక్నాలజీని ఎవరికి వారు కొనుక్కోలేనప్పుడు ప్రభుత్వం మధ్యలో నిలబడి వాడుకోవడానికి ఇచ్చింది. ఆ రోజు కంపెనీలతో "పట్టుదల ఉంటే మీరే పెట్టుకోండి" అని ఎవరూ అనలేదు. కంపెనీల విషయంలో న్యాయం అనిపించినది కూలి పనికి వచ్చిన మనిషి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు దానం అనిపిస్తోంది?

నేను దూరవాణినగర్ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. కె.ఆర్.పురం పక్కనే. మా నాన్నగారు అక్కడి టెలిఫోన్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1948లో దేశం కట్టుకున్న ఫ్యాక్టరీ అది, ఆ కాలనీకి పేరే టెలిఫోన్ పేరు. విచిత్రం ఏమిటంటే ఫోన్లు తయారుచేసే ఆయనకు మా ఇంట్లో చాలాకాలం ఫోను లేదు, అప్పట్లో కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. అది ప్రభుత్వం చేసిన తప్పే, ఒప్పుకుంటాను. దాన్ని మార్చింది మళ్ళీ ప్రభుత్వ సంస్థే. 1984లో సీ-డాట్ పెట్టారు. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే, ఏసీ అక్కర్లేని చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీ తయారుచేశారు, దాన్ని 1986లో కర్ణాటకలోనే కిత్తూరులో పెట్టారు. ఆ తరవాత ఊరూరా పసుపుపచ్చ ఎస్టీడీ బూతులు వచ్చాయి. నీకు గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం ఆ బూతులో కూర్చున్న మనిషే గుర్తు. చదువు రాని వాళ్ళు చీటీ మీద నంబరు రాయించుకొని వస్తే ఆయనే డయల్ చేసి, లైను కలిశాక రిసీవరు చేతికిచ్చేవాడు. వికలాంగులకు ఆ బూతులు ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండేది. సొంత ఫోను లేకపోయినా, అంకెలు రాకపోయినా, ఊరికి మాట చేరేది. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, పక్కన ఆ మనిషే లేడు. నేను అడిగేది అదే.

ట్యాబ్‌ల గురించి నువ్వన్నది నిజం. వస్తువు పంచి చేతులు దులుపుకోవడం నాకూ నచ్చదు. అయితే వేరేలా చేసిన రోజులు కూడా ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించింది, అందులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. ఊరికొక టీవీ, దానికి కోళ్ళ గూటికి వాడేలాంటి ఇనుప వలతో చేసిన డిష్షు. ఊళ్ళో అందరూ చూసే చోట పెట్టారు, పాడైతే బాగుచేసే మనుషులను పెట్టుకున్నారు, తెలుగులో, కన్నడలో సేద్యం గురించీ ఆరోగ్యం గురించీ కార్యక్రమాలు తీశారు. ఒక్క ఏడాదే నడిచింది, ఉపగ్రహం అమెరికాది కాబట్టి వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. కానీ పెట్టె ఒక్కటే పంచితే చాలదన్న సంగతి ఆ రోజే వాళ్ళకు తెలుసు.

మరి ఈ కాలంలో? 2017లో కేంద్రం డిజిటల్ అక్షరాస్యత పథకం పెట్టింది, 6 కోట్ల ఇళ్ళలో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ అని. మంచి ఆలోచనే. అయితే 2024లో ముగిసేదాకా అది పల్లెలకే, వయసు 14 నుంచి 60 వరకే. పైన ఉత్తరం పంపిన చెల్లిని చూడు. తను బెంగళూరులో ఉంది కాబట్టి ఆ పథకం తనకు వచ్చేది కాదు. ఊళ్ళో ఉన్న అత్తమ్మకు అరవై దాటి ఉంటే ఆమెకూ వచ్చేది కాదు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళిద్దరూ బయటే ఉండిపోయారు. ఇది డబ్బుల సమస్య కూడా కాదు, కాగితం మీద గీత ఎక్కడ గీశారన్న సమస్య.

పట్టుదల అన్నావు కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళను ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. దేశంలో మగవాళ్ళలో 57 శాతం వాడామన్నారు, ఆడవాళ్ళలో 33 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళు 21 శాతమే. ఐదుగురిలో ఒకరు. ఆడవాళ్ళకు పట్టుదల తక్కువని నువ్వు అనవని నాకు తెలుసు. ఇంట్లో ఒకటే ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో, ఎవరు అడిగి తీసుకోవాలో ఆలోచించు. యూట్యూబ్‌లో పాఠం ఉంటే సరిపోదు, ఆ పాఠం చూడటానికి ఫోను ఒక గంట ఆమె చేతిలో ఉండాలి.

డేటా విషయం కూడా నీ వయసు వాళ్ళు మరిచిపోతున్నారు. 2015లో కొన్ని సైట్లు మాత్రమే ఉచితం, మిగతావాటికి డబ్బు అనే పద్ధతి రాబోయింది. పేదవాళ్ళకు ఇంటర్నెట్ ఇస్తున్నామన్నారు, కానీ ఇచ్చేది కంపెనీ ఎంచిన నాలుగు గదులే. అప్పుడు టెలికాం కంపెనీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిల్స్ వెళ్ళాయి, రాసినవాళ్ళలో నీలాంటి ఇంజనీర్లు ఎంతమందో. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్షను నిషేధించింది. నీకు ఏ సైటైనా ఒకే డేటాతో తెరుచుకుంటోందంటే దాని వెనక ఒక ప్రభుత్వ నియమం ఉంది, ఆ నియమం వెనక అడిగిన జనం ఉన్నారు.

టెక్నాలజీ అర్థం కావడం అంటే అందరూ కోడింగ్ నేర్చుకోవాలని కాదు. ఈ మిషన్ నా దగ్గర ఏం తీసుకుంటోంది, అది ఎవరి దగ్గరకు పోతోంది, తప్పు జరిగితే ఎవరిని అడగాలి, ఈ మూడూ తెలిస్తే చాలు. మొదటి రెండూ నువ్వో నేనో నేర్పగలం. మూడోది ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి, ఇంకెవరూ చేయలేరు. మొదటి రెండింటికి నీ సాయం కావాలి. ఇదే ఊళ్ళో సుదర్శన్ లేఅవుట్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్ళు అంబేడ్కర్ పేరుతో ఒక కంప్యూటర్ సెంటర్ నడిపారు. బస్తీ పిల్లలు అక్కడ పాత కంప్యూటర్ల మీద బొమ్మలు గీయడం దగ్గర మొదలుపెట్టి ఎంతో నేర్చుకున్నారు. నేర్పినవాళ్ళు నీలాగే వారమంతా ఆఫీసులకు పోయేవాళ్ళే. నీ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గదిలో ఒక్క శనివారం కూర్చొని చూడు, అక్కడి వాళ్ళు ఏం అడుగుతారో విను. ఆ తరవాత మళ్ళీ నాకు రాయి, అప్పుడు కూడా ఇదే మాట అంటే నేను ఇంకో పేజీ వాదిస్తాను.

నేను ఆంధ్రలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. భార్య, నేను ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాం. వయసు 74. బ్యాంకుకు వెళితే ఏది అడిగినా "యాప్‌లో చేసుకోండి అంకుల్" అంటున్నారు. కొడుకును ప్రతిసారీ అడగాలంటే మనసొప్పదు. పోయిన నెల పోలీసులమని వీడియో కాల్ వచ్చింది, నా ఆధార్ మీద పార్సిల్ పట్టుబడిందట, రెండు గంటలు ఫోన్ ముందు నుంచి కదలనివ్వలేదు. మా ఆవిడ ఏడుస్తూ పక్కింటి వాళ్ళను పిలవబట్టి బతికిపోయాం. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత తెలివితక్కువగా ఎలా భయపడ్డానో అని సిగ్గుగా ఉంది.
— యలహంక

మాస్టారూ, సిగ్గుపడాల్సింది మీరు కాదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, డాక్టర్లు కూడా ఆ కాల్స్‌కు చిక్కారు. చట్టాన్ని గౌరవించేవాళ్ళనే వాళ్ళు పట్టుకుంటారు, పోలీసు అన్న మాట వినగానే నిలబడిపోయే మనుషులను. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదు, ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియోలో కూడా అదే చెప్పారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, డబ్బు బదిలీ చేయమని అడగడు. అమ్మగారు పక్కింటివాళ్ళను పిలిచారు చూడండి, అంతకంటే తెలివైన పని లేదు, ఆ మాట ఆమెకు నా తరఫున చెప్పండి.

మళ్ళీ ఎప్పుడైనా డబ్బు పోతే ఆలోచించకుండా 1930కి చేయండి. నిమిషాలు లెక్క, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాకు పోకముందే ఆపే వీలు అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఒక నియమం పెట్టింది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల ఖాతాలోంచి డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోపు మీరు చెబితే, మీ నష్టం సున్నా. మీరే పిన్ చెప్పేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేంతవరకు పోయినది మీదే, చెప్పాక పోయినది బ్యాంకుది. అందుకే సిగ్గుతో దాచుకోవడం వల్లే ఎక్కువ నష్టం.

బ్యాంకు సంగతి. అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది, 70 దాటిన వాళ్ళకు నగదు ఇవ్వడం, తీసుకోవడం, చెక్కుబుక్కు, లైఫ్ సర్టిఫికెట్ లాంటి పనులు ఇంటి దగ్గరే చేసిపెట్టే ఏర్పాటు ఉండాలని. మీకు 74. ఈసారి యాప్ అన్న కుర్రాడితో కోప్పడకుండానే "బాబూ, నాకు డెబ్బై దాటింది, ఇంటికొచ్చే సేవ ఉందా" అని అడగండి, లేదంటే మేనేజరుకు ఒక ఉత్తరం రాసి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు, 14448కి ఫోన్ చేస్తే పద్ధతి చెబుతారు. లైఫ్ సర్టిఫికెట్ ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిపించుకొని చిన్న రుసుముతో ఇవ్వొచ్చు. స్వయంగా వెళ్ళి కాగితం మీద ఇచ్చే సంగతి మీ పెన్షన్ ఆఫీసును అడగండి.

యాప్ నేర్చుకోవద్దని మాత్రం అనను. మీరు నేర్చుకోగలరు. కానీ అది మీ ఇష్టంతో జరగాలి, కౌంటరు మూసేసి తోసేస్తే కాదు. మా అమ్మ చివరి రోజుల్లో ఒక బ్యాంకులో ఇలాగే మూడుసార్లు తిప్పితే, బయట మెట్ల మీద కూర్చొని "నేను ఎవరికీ అక్కర్లేదా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, అందుకే ఈ విషయం వస్తే నా జవాబులు పొడుగవుతాయి.

మా తమ్ముడికి చూపు లేదు. కొత్త సిమ్ కోసం, ఖాతా కోసం ఫోనులో కళ్ళు ఆర్పి చూపించమంటారు. వాడికి ఎప్పుడు ఆర్పాలో తెలియదు, ఆర్పినా యాప్ ఒప్పుకోదు. ఏదైనా దారి ఉందా?
— బానసవాడి

ఉందండీ, ఇప్పుడు గట్టి దారే ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయం మీదే తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిలో కళ్ళు బాగా దెబ్బతిన్న ఒకామె బ్యాంకు ఖాతా తెరవబోతే కళ్ళు ఆర్పమన్నారు, ఆమె కోర్టుకు వెళ్ళారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, ఈ-కేవైసీ, అంటే ఫోనులోనే మనిషిని గుర్తించే పద్ధతి, చూపు లేనివాళ్ళకూ అందేలా మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. కళ్ళు ఆర్పడం ఒక్కటే దారి కాకూడదు. కాగితాలతో చేసే పద్ధతి అడగండి, ఈ తీర్పు పేరెత్తండి, ప్రజ్ఞా ప్రసూన్ కేసు అంటారు. తెలియదంటే తేదీ చెప్పండి.

ఇక్కడ ప్రభుత్వ సైట్లన్నీ కన్నడ, ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, తెలుగులో ఎందుకు పెట్టరు?
— మడివాళ

కన్నడ ఈ రాష్ట్రం భాష, ముందు అది నేర్చుకోవడం మన మర్యాద. లిపి భయం వద్దు, రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు, తెలుగు చదివే మనిషి వారం పది రోజుల్లో బస్సు బోర్డులు చదివేస్తాడు. కానీ బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ సేవలు తెలుగులో కావాలని అడగడం మన హక్కు, అక్కడ గట్టిగా అడగండి. 2022లో కేంద్రం భాషిణి అనే అనువాద వేదిక మొదలుపెట్టింది, చెన్నైలో ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్ళు తెలుగుతో సహా మన భాషలను కంప్యూటర్‌కు నేర్పే పని చేస్తున్నారు. చదవడం రాని మనిషి తెలుగులో నోటితో అడిగితే ఫారం నిండిపోయే రోజు దూరంగా లేదు. ఆ ఫారం తప్పు నింపితే సరిదిద్దే మనిషి మాత్రం అప్పుడు కూడా కావాలి.

ఆంటీ, నేను తొమ్మిదో క్లాసు. మా అమ్మ రెండిళ్ళలో పని చేస్తుంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, అమ్మ జీతం వచ్చిందా లేదా చూడటం అన్నీ నేనే చేస్తాను. పిన్ కూడా నాకే తెలుసు, అమ్మకు తెలియదు. పరీక్షలప్పుడు కూడా పిలుస్తుంది. నేర్పిస్తానంటే నాకు రాదులే అంటుంది. ఎలా నేర్పాలి?
— విజినాపుర

బంగారూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్ని పనులు చేస్తూ చదువుకుంటున్నావు, నువ్వు మంచి పిల్లవి. ఇది నీ ఒక్కదాని మీద పడటం న్యాయం కాదు, నీలాంటి పిల్లలు ఈ ఊళ్ళో ఇంటికొకరు ఉన్నారు, అందుకే మీ స్కూల్లోనే శనివారం అమ్మలకు ఒక గంట క్లాసు పెట్టమని మీ హెచ్ఎం గారికి నేను ఉత్తరం రాస్తాను. స్కూలు పేరు నాకు పంపు. అందాకా ఇలా చెయ్యి.

ముందు బిల్లులతో మొదలుపెట్టకు, డబ్బు అంటే అమ్మకు టెన్షన్. అమ్మమ్మకు వాయిస్ మెసేజ్ పంపించడంతో మొదలుపెట్టు. ఫోను అమ్మ చేతిలోనే ఉండాలి, వేలు అమ్మదే ఉండాలి. తప్పు నొక్కితే నువ్వు లాక్కోవద్దు, వెనక్కి రావడం ఎలాగో మాత్రం చూపించు. తప్పు నొక్కినా ఫోను పగిలిపోదని తెలియడమే సగం పాఠం. నాలుగు రోజులయ్యాక ఖాతాలో ఎంతుందో చూడటం నేర్పు, తన జీతం తనే చూసుకుంటే అమ్మకు ఉత్సాహం వస్తుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికీ, ఖాతాలో ఎంతుందో చూడటానికీ కావాలి. ఈ ఒక్క మాట అమ్మ చేత పదిసార్లు చెప్పించు. ఒకవేళ స్మార్ట్‌ఫోన్ అసలు వద్దంటే మామూలు బటన్ ఫోనుతో కూడా డబ్బు పంపొచ్చు, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే అని తెచ్చింది, ఫోను చేసి చెబితే పని అవుతుంది.

చివరికి పాత పిన్ మార్పించు. అంకెలు అమ్మనే ఎంచుకోమను, తనకు గుర్తుండేవి, పుట్టినరోజు మాత్రం వద్దు. అమ్మ కొత్త పిన్ నొక్కేటప్పుడు నువ్వు కూడా అటు తిరిగి నిలబడు.